చలికాలంలో అమ్మానాన్నల్ని చాట్స్‌వర్త్ హౌస్‌కి తీసుకెళ్ళొచ్చా?

శిరీష_షెఫీల్డ్
అమ్మానాన్నలు మొదటిసారి ఇంగ్లండ్‌కి మా దగ్గరికి వచ్చారు. అందరూ ఎండాకాలంలో పిలిపించుకుంటారు. మాకు పాప అక్టోబరులో పుట్టింది కాబట్టి వాళ్ళకి ఈ చలి తప్పలేదు. వచ్చి నెలవుతోంది, ఆసుపత్రికీ కూరగాయలకీ తప్ప గడప దాటలేదు. నాలుగు గంటలకే చీకటి పడుతుంటే నాన్న కిటికీ దగ్గర కూర్చుని "ఈ ఊర్లో పొద్దు ఇంతేనా అమ్మా" అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు మనసంతా అదోలా అయిపోతుంది.

క్రిస్మస్ సెలవుల్లో ఒక్క రోజైనా తిప్పాలి. మాకు దగ్గర్లో ఉన్న పెద్ద చోటు చాట్స్‌వర్త్ హౌస్ అనే పాత దొరల బంగళా, కారులో ముప్పావుగంట. కానీ పోయినేడు ఒక దెబ్బ తిన్నాం. జనవరిలో అత్తయ్యగారినీ మామయ్యగారినీ ఇలాంటిదే వేరే పాత బంగళాకి తీసుకెళ్తే, పార్కింగ్ డబ్బులు కట్టి అరమైలు నడిచాక, ఇల్లు మార్చి దాకా మూసి ఉంటుందని, తోట ఒక్కటే చూడొచ్చని చెప్పారు. తోటలో ఏముంది? మోడులు. పైన సన్న వాన. అత్తయ్యగారు సాక్సుల మీద చెప్పులు వేసుకొచ్చారు, అవి తడిసి ముద్దయ్యాయి. రెండు రోజులు జ్వరం.

అందుకే ఈసారి అడిగి వెళ్దామని. నలుగురు పెద్దవాళ్ళకి టికెట్లంటే తక్కువేం కాదు. నాన్నకి మోకాళ్ళ నొప్పులు. ఆయన రైతు, పులివెందుల దగ్గర అరటి తోట. పటాలు, పాలరాతి బొమ్మలు చూపిస్తే ఐదు నిమిషాలు చూసి బయట కూర్చుంటారు. మా బాబుకి ఆరేళ్ళు. వెళ్ళొచ్చంటారా?

డెర్బీ_దాసు
వెళ్ళొచ్చు కాదు, వెళ్ళాల్సిందే. మీరు పోయినేడు చేసిన పొరపాటు జనవరిలో వెళ్ళడం. ఇక్కడ చాలా పాత ఇళ్ళు క్రిస్మస్ అలంకరణ అయిపోగానే మూసేసి, దులుపుళ్ళు, మరమ్మతులు పెట్టుకుంటాయి. చాట్స్‌వర్త్‌లో నవంబరు మొదట్లో మొదలుపెట్టి జనవరి మొదటి వారం దాకా ఇల్లంతా చెట్లతో, దీపాలతో అలంకరిస్తారు, ఏటా ఒక కొత్త కథ పెట్టుకుని. క్రిస్మస్ రోజు మాత్రం మూసేస్తారు. టైమ్ ముందే బుక్ చేసుకోండి, గేటు దగ్గర తీసుకుందాం అనుకుంటే సెలవుల్లో దొరకదు.

లక్ష్మి_లెస్టర్
దాసు గారూ, ఇక్కడి పాత ఇళ్ళని చూసుకునే నేషనల్ ట్రస్ట్ సంస్థ సభ్యత్వ కార్డు ఉంటే ఫ్రీయే కదా?

డెర్బీ_దాసు
కాదు లక్ష్మి గారూ. చాట్స్‌వర్త్ నేషనల్ ట్రస్ట్‌ది కాదు. డెవన్‌షైర్ డ్యూకుల కుటుంబం ఇప్పటికీ అందులోనే ఉంటుంది. ఇంటినీ తోటనీ 1981లో పెట్టిన వాళ్ళ సొంత ట్రస్టు చూసుకుంటుంది. మీ కార్డు హార్డ్‌విక్ హాల్‌కి, కెడిల్‌స్టన్ హాల్‌కి పనికొస్తుంది, రెండూ డెర్బీషైర్‌లోనే.

చలిపులి
నేను వేరే మాట చెప్తాను, ఏమీ అనుకోకండి. మా నాన్నని ఇలాంటి మూడు ఇళ్ళకి తిప్పాను. మూడోదానికి ఆయన "అన్నీ ఒకటే మంచాలు, ఒకటే తెరలు, ఎవరో దొరలు" అన్నారు. గదులన్నీ మసకగా ఉంటాయి, చల్లగా ఉంటాయి, దేన్నీ ముట్టుకోకూడదు. మోకాళ్ళ నొప్పులున్న రైతుని అక్కడికి తీసుకెళ్ళి ఏం చూపిస్తారు? ఆ డబ్బుతో ఇంట్లో హీటర్ ఇంకో రెండు గంటలు వేయండి.

నూజివీడు_నాని
పులి చలికి భయపడితే ఎలాగండీ 😀

లక్ష్మి_లెస్టర్
గదులు మసకగా ఉండటానికి కారణం ఉంది. పాత గుడ్డలు, తెరలు వెలుతురికి రంగు పోతాయి, అందుకే కిటికీ పరదాలు సగం దించి ఉంచుతారు. వేడి కూడా మన కోసం కాదు, చెక్కకీ పటాలకీ గాలిలో తేమ ఎంతుండాలో చూసి పెడతారు. ఈ మాట కారులోనే చెప్పేయండి శిరీషా, పెద్దవాళ్ళకి కారణం తెలిస్తే విసుగు రాదు. మా అత్తగారికి నేను చెప్పలేదు, "ఇంత పెద్దింట్లో లైటు వేయడానికి పిసినారితనమా" అని గట్టిగానే అనేశారు.

పల్నాటి_పిల్ల
అసలు ఈ ఇళ్ళకి డబ్బెక్కడిదో ఎవరూ మాట్లాడరేం? వేల్స్‌లో పౌయిస్ కోటకి వెళ్ళాను. టిప్పు సుల్తాన్ గుడారం అక్కడ ఉంది. రాబర్ట్ క్లైవ్, ఆయన కొడుకు మన దేశం నుంచి మోసుకొచ్చిన సామానంతా ఒక గదిలో వరసగా పెట్టారు. 1799లో శ్రీరంగపట్నం పడిపోయినప్పుడు ఆ కొడుకే మద్రాసు గవర్నరు. దాని ముందు నిలబడితే నాకు ఊపిరాడలేదు. టికెట్ కొని మన సొమ్ము మనం చూడటం.

డెర్బీ_దాసు
పౌయిస్ విషయంలో మీ బాధ నాదీ. నేషనల్ ట్రస్టే 2020లో ఒక నివేదిక వేసి, తమ చేతిలో ఉన్న చోట్లలో 93కి వలస పాలనతోనో బానిస వ్యాపారంతోనో సంబంధం ఉందని ఒప్పుకుంది. కానీ అన్ని ఇళ్ళనీ ఒకే గాటన కట్టొద్దు. చాట్స్‌వర్త్ డ్యూకుల ఇంటిపేరు కేవెండిష్, వాళ్ళ ఆస్తి ప్రధానంగా ఇంగ్లండ్ భూములు, గనులు. 1549లో బెస్ ఆఫ్ హార్డ్‌విక్ అనే ఆవిడ, ఆమె భర్త కలిసి ఆ స్థలం కొన్నారు. తర్వాత స్కాట్లండ్ రాణి మేరీని ఖైదులో ఉంచిన ఇళ్ళలో చాట్స్‌వర్త్ కూడా ఒకటి.

పల్నాటి_పిల్ల
గనుల్లో చచ్చిపోయింది ఆ దేశపు కూలీలైనా కూలీలే కదా. సరే, మీరు చెప్పిన తేడా ఒప్పుకుంటాను. వెళ్ళొద్దని నేను అనట్లేదు. పిల్లాడికి అందాలతో పాటు అది కూడా చెప్పండి అంటున్నాను.

రిటైర్డ్_మాస్టారు
ఇంకో సంగతి. ఈ ఇల్లు వాళ్ళ చేతిలో నిలవడమే కష్టమైంది. పదో డ్యూకు ఆస్తిని 1946లో కొడుకు పేర పెట్టాడు. చట్టం ప్రకారం ఆ తర్వాత ఐదేళ్ళు బతికి ఉంటే వారసత్వ పన్ను పడదు. 1950 నవంబరులో పోయాడు, ఐదేళ్ళకి ఇంకా మూడు నెలల చిల్లర ఉండగా! పన్ను ఎంతనుకున్నారు, నూటికి ఎనభై. పటాలు పోయాయి, భూములు పోయాయి, హార్డ్‌విక్ హాల్ ప్రభుత్వానికి అప్పగించి చాట్స్‌వర్త్ నిలబెట్టుకున్నారు. మన దగ్గర 1948లో మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చిన రోజులే అవి. మా ఊరి జమీందారు దివాణం గోడల మీద ఇప్పుడు రావిచెట్లు మొలిచాయి. రైతు చేతికి భూమి రావడం న్యాయం, అందులో నాకు రెండో మాట లేదు. ఆ దివాణం కొయ్య స్తంభాలు మాత్రం ఎవరైనా కాపాడి ఉంటే బాగుండేది అనిపిస్తుంది.

నూజివీడు_నాని
మాస్టారూ, ఒక్క పోస్టులో రెండు దేశాల జమీందారీలు రద్దు చేశారు.

తోటమాలి_రవి
ఆగండాగండి. శిరీష గారూ, మీ నాన్నగారిది అరటి తోట అన్నారు. ఇంతమంది రాసి ఆ మాట ఎవరూ పట్టుకోలేదా? ఏ రకం వేస్తారు?

శిరీష_షెఫీల్డ్
జి-9 రవి గారూ. టిష్యూ కల్చర్ మొక్కలు, డ్రిప్ మీద. ఎందుకు?

తోటమాలి_రవి
ఎందుకా! నేను వెంకట్రామన్నగూడెంలో హార్టీకల్చర్ చదివాను, ఇది మాకు పాఠం. జి-9 అంటే గ్రాండ్ నైన్, అది కేవెండిష్ జాతి అరటి. మన పెద్ద పచ్చ అరటి, పొట్టిగా ఉండే వామనకేళి అన్నీ ఆ కుటుంబమే. ఆ కేవెండిష్ ఎవరో తెలుసా? చాట్స్‌వర్త్ యజమాని, ఆరో డెవన్‌షైర్ డ్యూకు విలియం కేవెండిష్. ఆయన దగ్గర జోసెఫ్ పాక్స్‌టన్ అని పెద్ద తోటమాలి ఉండేవాడు. మారిషస్ నుంచి ఇంగ్లండ్ చేరిన అరటి మొక్క ఒకటి సంపాదించి చాట్స్‌వర్త్ గాజు ఇంట్లో, వేడి పెట్టి పెంచాడు. 1835 నవంబరులో పువ్వేసింది. మరుసటేడు మే నాటికి గెల నిండా కాయలు. యజమాని పేరే దానికి పెట్టాడు.

అక్కడి నుంచి పిలకలు మిషనరీ ఒకాయన పసిఫిక్ దీవుల్లో సమోవాకి పట్టుకెళ్ళాడు. 1950ల్లో పనామా తెగులు వచ్చి అప్పటిదాకా ఎగుమతుల్లో ఉన్న గ్రోస్ మిషెల్ రకం తోటలకి తోటలే పోతే, ఆ జాగాలోకి కేవెండిష్ వచ్చింది. ఇప్పుడు ప్రపంచంలో పండే అరటిలో దాదాపు సగం ఇదే. మీ నాన్నగారు గల్ఫ్‌కి పంపే గెల పేరు ఆ ఇంటి గుమ్మం మీద ఉన్న పేరు. ఇంకా వెళ్ళొచ్చా అని అడుగుతున్నారా?

శిరీష_షెఫీల్డ్
చదువుతుంటే ఒళ్ళు జలదరించింది. ఇంకా నాన్నకి చెప్పలేదు. అక్కడికెళ్ళాకే చెప్తాను.

నూజివీడు_నాని
అయితే మన అరటికి పుట్టిల్లు చాట్స్‌వర్త్ అన్నమాట!

తోటమాలి_రవి
పుట్టిల్లు కాదు నానీ. ఆ జాతి పుట్టింది దక్షిణ చైనా వైపు. చాట్స్‌వర్త్ బారసాల జరిగిన ఇల్లు.

చలిపులి
నేను పైన రాసింది వెనక్కి తీసుకుంటున్నాను. తీసుకెళ్ళండి. నాన్నకి ఆ మూడు ఇళ్ళలో తనకి తెలిసింది ఒక్కటి కూడా నేను వెతికి పెట్టలేదు, తప్పు నాదే.

డెర్బీ_దాసు
నీళ్ళ సంగతి కూడా చూపించండి. ఎంపరర్ ఫౌంటెన్ అని ఒకటుంది. రష్యా చక్రవర్తి మొదటి నికొలస్ వస్తాడని 1844లో పాక్స్‌టనే కట్టాడు. ఆరు నెలల పని, రాత్రిళ్ళు మంటల వెలుగులో కూడా తవ్వారట. చక్రవర్తి రానేలేదు! నీళ్ళు 296 అడుగుల ఎత్తు లేచిన రికార్డు ఉంది. మోటారు లేదు, కరెంటు లేదు. పైన కొండ మీద చెరువు తవ్వి, గొట్టంలో కిందికి వదిలారు, ఆ వాలు బలంతోనే లేస్తుంది. బోర్ల కోసం అప్పులు చేసే ప్రాంతం నుంచి వచ్చిన మీ నాన్నగారికి ఇది నచ్చకపోతే నన్నడగండి. గాలి, నీటిమట్టం బట్టి వదులుతారు, ఆ రోజు నడుస్తోందా లేదా అక్కడే అడగండి.

పల్నాటి_పిల్ల
బాబు కోసం: సంగీతం గది లోపలి తలుపు మీద ఒక వయొలిన్ వేలాడుతుంటుంది. అది వయొలిన్ కాదు, రంగులతో వేసిన బొమ్మ. మా పాప పక్కకి వంగి, కూర్చుని, మళ్ళీ లేచి చూసింది, నమ్మలేదు. ఇంకోటి, పాలరాతి పాదం. ఒక్క పాదమే, చెప్పు వేసుకుని, చాలా పెద్దది. రెండువేల ఏళ్ళు దాటిన గ్రీకు విగ్రహానిది. దాని జత బెర్లిన్ మ్యూజియంలో ఉంది.

లక్ష్మి_లెస్టర్
అసలు సంగతులు చెప్తాను. అమ్మగారికి చీర కింద థర్మల్ ప్యాంటు, ఉన్ని సాక్సులు, బూట్లు. చీరే కడతానంటే కుచ్చిళ్ళు రెండంగుళాలు పైకి కట్టమనండి, తడి గడ్డి మీద అంచు బరువెక్కితే నడవలేరు. వీల్‌చెయిర్, లిఫ్టు సంగతి ముందే ఫోన్ చేసి అడగండి, "నాకెందుకు" అని నాన్నగారు అంటే "దొరికితే సామాన్లు పెట్టుకుందాం" అనండి. పాపని బండిలో కంటే ఒంటికి కట్టుకోవడం నయం. పొద్దున్న మొదటి టైమ్ తీసుకోండి, మూడున్నరకల్లా కారెక్కాలి, నాలుక్కి ముందే పొద్దు గుంకుతుంది. పులిహోర కారులో తినండి. బేక్‌వెల్ పుడ్డింగ్ అని అందరూ తినమంటారు, అందులో గుడ్డు ఉంటుంది, అమ్మగారికి పట్టింపు ఉంటే చెప్పండి.

వాన_మాంచెస్టర్
రెండున్నర నెలల పాపని ఈ చలిలో తిప్పడం నాకు నచ్చలేదు. మా అమ్మ అయితే మూడో నెల నిండేదాకా గుమ్మం దాటనిచ్చేది కాదు.

లక్ష్మి_లెస్టర్
ఆసుపత్రికి తీసుకెళ్ళట్లేదా? చెవులు కప్పి, గాలి తగలకుండా చూసుకుంటే ఏం కాదు. ఇంట్లోనే ఉండి బాలింతకి బెంగ పట్టుకుంటే అది పెద్ద కష్టం, నేను పడ్డాను.

వాన_మాంచెస్టర్
ఆ మాట నిజమే. జాగ్రత్తగా వెళ్ళిరండి శిరీషా.

తోటమాలి_రవి
ఒక్క మాట మర్చిపోయాను. తోటలో చిక్కుదారి ఉంది, యూ అనే చెట్లతో కట్టిన కంచెలు. అది పాక్స్‌టన్ కట్టిన మహా గాజు ఇల్లు ఉన్న జాగా. 277 అడుగుల పొడవు, గుర్రపు బండి లోపల తిరిగేంత. నేల కింద 8 బాయిలర్లు, వేడినీళ్ళ గొట్టాలు దాదాపు 7 మైళ్ళు. మొదటి ప్రపంచయుద్ధంలో బొగ్గు దొరక్క లోపలి మొక్కలన్నీ చచ్చిపోయాయి. 1920లో మందుపాతర పెట్టి కూల్చేశారు. చుట్టూ రాతి పునాది గోడలు ఇంకా ఉన్నాయి, బొగ్గు తీసుకెళ్ళిన సొరంగం కూడా. అరటి పూసింది ఇందులో కాదు, ఇది కట్టకముందు ఉన్న చిన్న గాజు ఇంట్లో. అయినా ఆయనకి చూపించాల్సింది ఇదే.

రిటైర్డ్_మాస్టారు
ఆ గాజు ఇల్లు కట్టిన అనుభవంతోనే పాక్స్‌టన్ 1850లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్ అనే మహా గాజు భవనం గీశాడు. తోటపని చేసుకునే రైతుబిడ్డ, 22 ఏళ్ళకి చాట్స్‌వర్త్‌లో చేరాడు. మీ నాన్నగారికి ఈ ముక్క తప్పకుండా చెప్పమ్మా.

శిరీష_షెఫీల్డ్
నిన్న వెళ్ళొచ్చాం. పాప నిద్రపోయింది, ఇప్పుడు కూర్చుని అంతా రాస్తున్నాను.

మంచు కప్పేసిన రోజు. కొండ దిగుతుంటే చెట్ల మధ్యనుంచి ఇల్లు ఒక్కసారి కనబడింది, కిటికీల అంచులు బంగారు రంగులో. అమ్మ "అబ్బ" అంది, అంతే. లోపల హాల్లో కప్పంతా రంగుల బొమ్మలు, వాటి కింద ఆకాశమంత క్రిస్మస్ చెట్టు. అమ్మ ప్రతి గదిలో అక్కడ నిలబడిన పెద్దావిడలతో మాట్లాడింది. ఆమె తెలుగు, వాళ్ళ ఇంగ్లీషు. ఒకావిడ అమ్మ చీర అంచు చూసి చేత్తో నేశారా అని అడిగింది. అమ్మ నా వైపు చూడకుండానే "ఎస్" అని చెప్పింది. బాబు పాలరాతి పాదం పక్కన తన బూటు పెట్టి కొలుచుకున్నాడు.

నాన్న మీరనుకున్నట్టే నాలుగో గదిలో బెంచీ వెతుక్కున్నారు. వీల్‌చెయిర్ తీసుకున్నాం, మొదట బాబు ఎక్కాడు, తర్వాత నాన్న ఎక్కారు.

తోటలోకి వచ్చాక, ఆ చిక్కుదారి దగ్గర రాతి గోడ పక్కన ఆపి, రవి గారు చెప్పినదంతా చెప్పాను. నాన్న వెంటనే ఏమీ అనలేదు. కుర్చీలోంచి లేచి గోడ మీద చెయ్యి పెట్టారు. తర్వాత లెక్క మొదలుపెట్టారు. "నవంబర్లో పూస్తే మే నెలకి కాయా? ఆరు నెలలు! మనకి గెల వేసినాక మూడు, మూడున్నర నెలల్లో కోతకొస్తాది. పాపం, ఎంత చలికి నిలబడిందో ఆ చెట్టు." వేడి ఎంత పెట్టేవాళ్ళు, నీళ్ళు ఎన్నాళ్ళకోసారి, పిలకలు ఎన్ని ఉంచారు, ఒకటే ప్రశ్నలు. నాకు ఒక్కదానికీ జవాబు తెలియదు. రవి గారూ, మీ నంబరు పంపండి, ఆయనే మాట్లాడతారట. పనామా తెగులు మళ్ళీ కొత్త రకం వస్తోందని ఆయన విన్నారట, అది కూడా అడగాలట.

ఫౌంటెన్ నడుస్తోంది. ఎత్తు తక్కువగానే వదిలారు, అయినా చెట్ల పైకి లేచింది. మోటారు లేదంటే నమ్మలేదు. పైన చెరువు ఎక్కడుందో చూపించమన్నారు. కొండ ఎక్కలేరు కదా, కింద నుంచే చేత్తో గీత గీసుకుంటూ వాలు లెక్కేశారు. పావుగంట అక్కడే. చేతులు గడ్డకట్టాయి, గ్లౌజులు తొడుక్కోమంటే వినలేదు.

తర్వాత చిన్నాన్నకి వీడియో కాల్ చేశారు. అక్కడ రాత్రి ఎనిమిది. "ఒరేయ్, మన చెట్టుకి బారసాల చేసిన ఇంటికి వచ్చినా, సూడు" అని ఫోను గుండ్రంగా తిప్పారు. చిన్నాన్నకి మంచు తప్ప ఏమీ కనబడి ఉండదు. ఇద్దరూ గట్టిగా మాట్లాడుకుంటుంటే పక్కన వెళ్ళే ఇంగ్లీషు కుటుంబం ఆగి నవ్వింది. నాన్న వాళ్ళ పిల్లవాడిని పిలిచి, నా సంచిలోంచి అరటిపండు తీసి ఇచ్చారు. వాళ్ళమ్మ తీసుకోమంది.

అందరికీ చాలా థాంక్స్. ఇవాళ పొద్దున్న నాన్న లేవగానే, హార్డ్‌విక్ ఎంత దూరం అని అడిగారు.

చలిపులి
మా నాన్న ఈ ఉగాదికి వస్తున్నారు. ఆయన చేనేత, మంగళగిరి. ఏ ఇల్లు?

పల్నాటి_పిల్ల
కెడిల్‌స్టన్. లేడీ కర్జన్ నెమలి గౌను ఉంది అక్కడ, 1903 ఢిల్లీ దర్బారులో వేసుకున్నది. మన దేశపు పనివాళ్ళు జరీతో కుట్టారు, మధ్యలో పచ్చగా మెరిసేవి రాళ్ళు కావు, పురుగు రెక్కలు. ఆ పనివాళ్ళ పేర్లు ఎక్కడా కనబడవు, మీ నాన్నగారికి అదీ చెప్పండి.

డెర్బీ_దాసు
వెళ్ళేముందు ఇల్లు తెరిచి ఉందో లేదో చూసుకోండి. శిరీష గారి అత్తయ్యగారి సాక్సులు గుర్తుంచుకోండి.